గడప దాటని గొంతు

కంప్యూటర్ల చదువు చదివినవాళ్ళకి పెళ్ళిళ్ళలో భోజనం ప్రశాంతంగా సాగదు. విస్తరి ముందు కూర్చున్నారో లేదో, పక్కవాడు జేబులోంచి ఫోను తీస్తాడు. "దీనికి ఏ యాంటీవైరస్ మంచిదమ్మా? ఉత్తినే వచ్చేది వేసుకోమంటావా, కొనుక్కోవాలా?" అంటాడు. నూకరత్నానికి పదిహేనేళ్ళుగా ఇదే వరస. సముద్రం ఒడ్డున చేపలుపట్టేవాళ్ళ జాలారిపేట మొత్తానికి కంప్యూటర్ భద్రత మీద పరిశోధన చేసే మనిషి ఆమె ఒక్కతే. దాంతో పేటలో ఎవరి ఫోను నత్తనడక నడిచినా ఆమె మెడకే చుట్టుకునేది. ఒకాయన మూడు రకాల యాంటీవైరస్‌లు ఒకేసారి వేసుకుని, అవి ఒకదాన్నొకటి దొంగా దొంగా అని పట్టుకుంటుంటే, ఫోను పెనంలా కాలుతోందని పట్టుకొచ్చాడు. "మూడు కుక్కల్ని ఒకే గొలుసుకి కడితే కాపలా కాస్తాయా బాబాయ్, కరుచుకుంటాయి గానీ," అని ఆమె రెండు తీసేసింది.

ఏది వేసుకున్నా ఒకటే వేసుకో, దాన్ని ఎప్పటికప్పుడు కొత్తది చేసుకో, తొందరపెట్టేవాణ్ణి నమ్మకు. ఇవీ ఆమె అందరికీ చెప్పే మాటలు. ఆ మూడో మాట ఎక్కడికి తీసుకెళ్తుందో అప్పటికి ఆమెకి తెలీదు.

అన్న ఎర్రయ్య ఒక్కడే ఈ గొడవలో తలదూర్చేవాడు కాదు. నాన్న పోయేనాటికి అతనికి పదహారేళ్ళు, నూకరత్నానికి తొమ్మిది. ఆ వయసులో వేటకి దిగి, చేపలు అమ్మి చెల్లెల్ని ఇంజనీరింగూ ఆపై చదువూ చదివించాడు. "నీ వైరస్ మందు నాకెందుకే? నా ఫోన్లో ఎత్తుకెళ్ళిపోడానికి ఏటున్నాది? ఉన్న రకస్యం ఒకటే, అది ఫోన్లో నేదు," అని నవ్వేవాడు. చెల్లెలు వండి పెట్టినప్పుడల్లా ఇంకో మాట కూడా అనేవాడు. "ఇంత సదువూ సదివినాది, కూరలో ఉప్పెయ్యడం మాత్రం రానేదు."

ఆ ఒక్క రహస్యం నాన్న గురుతు. ఒడ్డుకి దూరంగా సముద్రం అడుగున ఒక రాతిగుట్ట ఉంది. దానిచుట్టూ కోనాలూ వంజరాలూ లాంటి ఖరీదైన చేపలు మూగుతాయి. నీళ్ళ మీద ఏ ఆనవాలూ ఉండదు కాబట్టి ఒడ్డునున్న కొండల్ని చూసి ఆ చోటు పట్టాలి. ఫలానా కొండ వెనక ఫలానా నొక్కు కనబడితే అక్కడ వల వెయ్యాలి. అలాంటి గురుతు ఎవరిది వాళ్ళకే సొంతం. పక్కబోటు వాడికి కాదు కదా, కట్టుకున్నదానికి కూడా చెప్పరు. నాన్న పోయే ముందు ఏడాది నూకరత్నాన్ని కూడా తెప్పమీద అక్కడికి తీసుకెళ్ళి, కొండలు చూపించి, ఉప్పునీళ్ళు అరచేతిలో పోసి ఒట్టు వేయించుకున్నాడు.

అందుకే పేటలో ఏ మనిషీ సముద్రం మీంచి నిజం చెప్పడు. చేపలు దండిగా పడినా "నేవు" అంటాడు. తూర్పున ఉంటే దక్షిణాన ఉన్నానంటాడు. ఎర్రయ్య ప్రతి ఆదివారం ఫోను చేసి నలభై సెకన్లు మాట్లాడేవాడు. "సేపల్లేవే. ఎక్కడో ఉన్నాం. నువ్వు బాగున్నావా? ఉంటాను మరి." నూకరత్నం ఒక చెవి ఫోనుకీ రెండు కళ్ళూ తెరకీ ఇచ్చి "ఊఁ, ఊఁ" అనేది. మద్దిలపాలెంలో ఆమె అద్దె ఇంటినుంచి పేట ఆటోలో పావుగంట. ఆ పావుగంట నెలల తరబడి ఆమెకి దొరికేది కాదు.

*

రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్న వదిన పైడమ్మకి ఫోనొచ్చింది. గొంతు ఎర్రయ్యదే. పోలీసులు పట్టుకున్నారనీ, ఎవరికీ చెప్పొద్దనీ, మెడలో ఉన్నది తీసి ఫలానా మనిషికి ఇమ్మనీ ఏడిచింది ఆ గొంతు. పైడమ్మ ఇచ్చేసి ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి, ఎర్రయ్య వీధరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పైడమ్మ బంగారం పోయిందని ఏడవలేదు. "నా మొగుడి గొంతు నాకు తెలీదేటి? ఇరవయ్యేళ్ళు కాపరం సేసి కూడా తెలీదేటి?" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నూకరత్నం ఆ మాట గుండెల్లో పెట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళింది. ప్రయోగశాల అంటే మేడమీద ఐదు గదులు, పదకొండు మంది, ఎప్పుడూ చల్లారిపోయిన టీ. పెద్దాయన డాక్టర్ భానోజీరావు. తెలివైన మనిషి. కుర్రతనంలో నాటకాలు వేసేవాడట, ఆ సరదా ఇంకా పోలేదు.

"గొంతు ఎవడైనా ఎత్తుకుపోతాడు సార్. ఇంక గొంతుని నమ్మి లాభం లేదు," అంది నూకరత్నం. "అలవాటు ఎత్తుకుపోలేడు. మనిషి మాట ఎలా మొదలెడతాడు, ఎక్కడ ఆగుతాడు, దేని గురించి ఎప్పుడూ మాట్లాడడు, అది నేర్పుదాం దీనికి."

ఏడాదిన్నర పట్టింది. ఫోనులో కూర్చుని, మనతో మాట్లాడే ప్రతి మనిషి అలవాటునీ నేర్చుకుని, తేడా వస్తే గుమ్మంలోనే ఆపేసే యాంటీవైరస్ తయారైంది. దానికి గడప అని పేరు పెట్టారు. పరీక్ష కోసం భానోజీరావు ఎర్రయ్య గొంతుని అచ్చు గుద్దినట్టు తయారుచేయించి నూకరత్నం ఫోనుకి చేయించాడు. నాలుగు సెకన్లలో గడప పట్టేసింది. కారణం తెర మీద రాసింది: "ఈ మనిషి చేపల్లేవు అని మొదలెడతాడు. ఇతను మొదలెట్టలేదు." గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నం ఆ రోజు ఆనందం పట్టలేక వదినకి ఫోను చేసి, ఇంక నిన్ను ఎవడూ ఏడిపించలేడు వదినా అంది.

దిష్టిబొమ్మ ఆలోచన భానోజీరావుది. "దొంగని తరిమేస్తే పక్కింటికి పోతాడమ్మా. మన గడప మీదే కూర్చోబెట్టి కబుర్లు చెబితే? ఆ పూట ఇంకెవరి కొంపా ముంచడు కదా!" అన్నాడు. అలా గడపకి రెండో పని అంటింది. దొంగ అనుకున్నవాడు ఫోను చేస్తే, ఫోను మోగకుండానే గడప ఎత్తుతుంది. యజమాని గొంతుతోనే మాట్లాడుతుంది. ఓపికగా, ప్రేమగా, అయ్యో అంటూ, ఇంకా చెప్పు అంటూ గంటలు గంటలు అతన్ని పట్టి ఉంచుతుంది. పొలంలో దిష్టిబొమ్మ లాంటిదే, కాకపోతే ఇది మాట్లాడుతుంది.

మొదట్లో గడప ఎవర్ని పట్టినా ఫోను బుర్రుమనేది. రోజుకి నలభైసార్లు. పదో రోజున గడపే అడిగింది: "పట్టిన ప్రతిసారీ మీకు చెప్పనా?" నూకరత్నం అప్పుడు ఇంకేదో పనిలో ఉంది. అక్కర్లేదు అని నొక్కింది. ఆ ఆదివారమే పేటకి వెళ్ళి వదిన ఫోనులో గడప వేసి, అక్కడా అక్కర్లేదు అనే నొక్కి వచ్చింది.

*

ప్రతి మంగళవారం పదకొండింటికి ప్రయోగశాలలో ఒక వినోదం ఉండేది. దిష్టిబొమ్మకి చిక్కినవాళ్ళలో బాగా చిక్కినవాడి సంభాషణ కాగితం మీద అచ్చు తీసి, ఇద్దరు నాటకంలా చదువుతారు. ఎవరి ఫోనులో జరిగిందో తెలియకుండా పేర్లూ నంబర్లూ గడపే కొట్టేసి పంపిస్తుంది. ఆ మంగళవారం భానోజీరావు కాగితాలు ఊపుకుంటూ వచ్చాడు.

"పొద్దున్నదేనమ్మా, వేడివేడిగా ఉంది! మూడుగంటల పదిహేను నిమిషాలు కూర్చోబెట్టింది మన బొమ్మ. ఇంతవరకూ ఇదే రికార్డు. నేను దొంగని, నువ్వు ఇంటావిడవి. కానీ."

నూకరత్నం నవ్వుతూ కాగితం అందుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒలే, నానే. నా ఫోను నీళ్ళల్ల పడిపోనాది. నీ నంబరొకటే నాకు నోటికొచ్చు. ఇది ఈడి ఫోను, కొత్త నంబరు."

"కొత్త నంబరు! ఒకటి!" అని గదిలో అందరూ వేళ్ళు మడిచారు.

"అయ్యో, ఏమైంది అన్నయ్యా? నిమ్మదిగా చెప్పు," అని చదివింది నూకరత్నం.

"ఇంజను ఫేనుకి వల సుట్టేసుకున్నాది. తీద్దారని ఈడు సెయ్యెట్టినాడు. ఏళ్ళు తెగి యేలాడతన్నాయి. రగతం ఆగట్లేదు. బేగి, బేగి ఎవుర్నన్నా అంపు."

"తొందర! రెండు!"

"మీ వదినకి సెప్పకు, దడుసుకుంటాది. పేటలో ఎవురికీ సెప్పకు. ఫలానా మావ ఒక్కడికే సెప్పు."

"ఎవరికీ చెప్పొద్దంట! మూడు! వీడెవడో పాఠం చదువుకుని వచ్చాడర్రా. యాస కూడా ఎంత బాగా నేర్చాడో చూడండి," అన్నాడు భానోజీరావు. గది గొల్లుమంది. నూకరత్నం కూడా నవ్వింది. ఎర్రయ్య మంగళవారాలు ఫోను చెయ్యడు, ఇంత పొడుగ్గా మాట్లాడడు. అన్న సంగతి ఆమె తలలోకే రాలేదు.

తన వంతు చదివింది. "అలాగే అన్నయ్యా, ఇప్పుడే పంపిస్తున్నాను. మామయ్య బయల్దేరాడు. నువ్వు కంగారుపడకు. పొద్దున్న ఏమైనా తిన్నావా?"

ఆ 'తిన్నావా' దగ్గర ఒకతను నవ్వలేక బల్లమీద తల వాల్చేశాడు.

"తినడవేటే, ఈడు కళ్ళు మూసేస్తన్నాడు. నువ్వు మాటాడతా ఉండు. నీ మాట ఇంటే దైర్నంగున్నాది. పెట్టేకు."

"పెట్టను అన్నయ్యా. నీతో మాట్లాడుతూనే ఉంటాను. ఎక్కడున్నావో ఇంకొంచెం వివరంగా చెప్పు."

భానోజీరావు కాగితంకేసి చూసి వేలెత్తాడు. "ఇక్కడ పదకొండు సెకన్లు మౌనం అని రాసింది. కథ అల్లుకుంటున్నాడు పాపం." మళ్ళీ చదివాడు. "సెప్పకూడదు. అయినా సెప్తన్నాను. కైలాసగిరి నెత్తిమీద సింహాచలం కొండ నొక్కు కూకుంటాది సూడు..."

నూకరత్నం చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. కళ్ళు అక్షరాల మీద లేవు. నోరు దానంతటదే కదిలింది.

"...యారాడ కొండ సివర లైట్‌హౌసు ఇడిగా తేలతాది. ఆ రెండూ కలిసిన కాడ."

భానోజీరావు కాగితం చూశాడు. ఆమెని చూశాడు. "ఆ వాక్యం నా కాగితంలో ఉందమ్మా. నీకెలా తెలుసు?"

"మా అన్నయ్య," అంది నూకరత్నం. "సార్, అది మా అన్నయ్య."

ఎవరికీ ఇంకా నవ్వు ముఖాలమీంచి దిగలేదు. ఆమె కాగితాలు లాక్కుని చివరి పేజీ తిప్పింది. మొదలైంది ఆరూ పదికి. ఆగింది తొమ్మిదీ ఇరవయ్యైదుకి. అవతలి ఫోను ఆగిపోయింది అని రాసి ఉంది. మూడుగంటల పదిహేను నిమిషాలు మాట్లాడించి మాట్లాడించి ఆ ఫోనులో ఉన్న చార్జింగంతా బొమ్మే తాగేసింది. అడుగున గడప తన కారణం రాసుకుంది: "ఈ మనిషి తను ఎక్కడున్నదీ ఎప్పుడూ నిజం చెప్పడు. ఇతను చెప్పాడు."

ఆమె కొట్టేసిన పేర్లూ నంబరూ బయటికి తీయించింది: ఫోను అన్నతో వేటకెళ్ళే వదిన తమ్ముడు సింహాద్రిది, మావ పేటలోని దుర్గయ్య. ఆ నంబరుకి ఫోను చేసింది. పలకలేదు. వదినకి చేసింది. వదిన ఎత్తింది.

"వదినా! అన్నయ్య ఫోను చేశాడు, పడవ చెడిపోయింది, మీ తమ్ముడికి చెయ్యి తెగింది, దుర్గయ్య మావని బేగి..."

"అయ్యయ్యో, అలాగా అమ్మా? కంగారుపడకు. నిమ్మదిగా చెప్పు, వింటన్నాను."

పైడమ్మ ఏనాడూ ఎదుటిమనిషిని మాట పూర్తిచెయ్యనిచ్చిన మనిషి కాదు. పని మధ్యలో, మంగళవారం పూట, ఏడుస్తూ, తొందరపెడుతూ ఫోను చేసే నూకరత్నాన్ని వదిన ఫోనులో గడప ఎప్పుడూ చూడలేదు. అటువైపు వదిన లేదు. వదిన గొంతు కట్టుకున్న బొమ్మ ఉంది.

"ఇంకేటి సంగతులు? తిన్నావా?" అంది బొమ్మ.

ఆమె ఫోను బల్లమీద పడేసి మెట్లు దిగి పరిగెత్తింది. వెనకనుంచి భానోజీరావు కోస్టుగార్డుకి ఫోను చేస్తూ "ఎక్కడో అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చెప్పమంటున్నారమ్మా!" అని అరిచాడు. ఆమెకి అంకెలు తెలీవు. ఆమెకి తెలిసింది కొండలు.

*

ఆటోలో పావుగంట. ఆ పావుగంటలో నూకరత్నం తనని తాను తిట్టుకోని తిట్టు లేదు. అక్కర్లేదు, అక్కర్లేదు అని రెండుసార్లు నొక్కిన బొటనవేలిని చీరకొంగులో చుట్టి నలిపేసింది.

పైడమ్మ ఒడ్డున గంపముందు కూర్చుని బేరమాడుతోంది. పక్కనే ఇసకలో ఫోను పడి ఉంది. ఆడబడుచుని చూసి నవ్వబోయి, ఆమె ముఖం చూసి లేచి నిలబడింది.

"నీ తమ్ముడు సింహాద్రీ, అన్నయ్యా పొద్దున్నించీ సముద్రంమీద చిక్కుకుని ఉన్నారు వదినా!"

"నీకెలా తెలుసే? నా ఫోను మోగనే నేదు కదే?"

"మోగదు వదినా. తర్వాత చెప్తాను, నన్ను తర్వాత కొట్టు. దుర్గయ్య మావేడీ?"

దుర్గయ్య వలలమీద కునికిపాట్లు పడుతున్నాడు. చుట్టూ ఇరవైమంది పోగయ్యారు. "ఎక్కడున్నారు?" అన్నాడు దుర్గయ్య. నూకరత్నం చుట్టూ చూసింది. వీళ్ళందరికీ వినబడకూడదనే అన్న మూడుగంటలు రక్తం మధ్యలో కూర్చున్నాడు. దుర్గయ్య చెవిలో చెప్తే ఒక్క పడవ వెళ్తుంది. నీరు దక్షిణానికి లాగుతోంది, పడవ కొట్టుకుపోయి ఉంటుంది. ఒక్క పడవ వెతకలేదు.

నాన్న చేతిలో పోసిన ఉప్పునీళ్ళు గుర్తొచ్చాయి. గొంతెత్తి అందరికీ వినబడేలా చెప్పేసింది. "కైలాసగిరి నెత్తిమీద సింహాచలం కొండ నొక్కు. యారాడ కొండ చివర లైట్‌హౌసు విడిగా. అదీ మా నాన్న గురుతు."

నిజమా అని ఎవ్వరూ అడగలేదు. గురుతు బయటపెట్టిన మనిషిని ఎవరు అనుమానిస్తారు? దుర్గయ్య తలగుడ్డ బిగించాడు. "తొయ్యండ్రా," అన్నాడు. పదమూడు పడవలు నీళ్ళలోకి దిగాయి.

పైడమ్మ ఇసకలో చతికిలబడి, పడవలు వెళ్ళినవైపే చూస్తూ కూర్చుంది. నూకరత్నం ఆమె పక్కన కూర్చోలేక నిలబడలేక నీళ్ళ అంచునే అటూ ఇటూ తిరిగింది. అన్నయ్య బతికి ఉండాలి, ఇంకేం అక్కర్లేదు అని మనసులోనూ పైకీ కూడా అనుకుంటూనే ఉంది. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది, రెండు దాటింది. మూడూ పదికి దుర్గయ్య పడవ కొనమీద ఎర్రగుడ్డ కనిపించింది. గుడ్డ కట్టారంటే బతికున్నారని. అప్పుడు పైడమ్మ ఏడుపు మొదలెట్టింది.

*

సింహాద్రి కుడిచేతికి నాలుగు వేళ్ళు తీసేశారు. "రెండుమూడు గంటలు ముందు తెచ్చుంటే రెండైనా దక్కేవి," అన్నాడు డాక్టరు, ఆయన మాట ఆయన మామూలుగానే అన్నాడు. వల అల్లే చెయ్యి అది. ఇరవయ్యారేళ్ళ మనిషి. పైడమ్మ ఆ మాట విని నూకరత్నంకేసి చూసిన చూపు ఆమె జన్మలో మర్చిపోదు.

ఎర్రయ్య పక్కగదిలో ఉన్నాడు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. చెల్లెల్ని చూడగానే లేవబోయాడు.

"వచ్చినావేటే. నీవల్లే బతికినాం. నువ్వు మాటాడతా ఉండబట్టి గానీ, నేదంటే నాను ఎప్పుడో నీళ్ళల్లకి దూకేద్దును."

నూకరత్నం మంచం పట్టె పట్టుకుంది.

"రెండు బోట్లు కనబడ్డాయి కూడానే. గుడ్డ ఊపుదుం. నువ్వు మావ బయల్దేరినాడన్నావు కదా, గురుతెందుకు పాడుసేసుకోడం అని ఊపనేదు." సిగ్గుపడుతున్నవాడిలా దుప్పటి అంచు నలిపాడు. "ఒకటి సెప్పనా? ఇన్నేళ్ళల్ల నువ్వు నాతోటి అలగ మాటాడనేదే. తిన్నావా అన్నావు. నాన్న సంగతులు అడిగినావు. నా మోకాలు నొప్పి సంగతి అడిగినావు. నాను సెప్పిందంతా ఇన్నావు. ఈడు పక్కన సచ్చిపోతన్నాడు, నాకు మాత్రం మనసులో ఎక్కడో కుశాలగా ఉన్నాది, ఏటనుకోకు."

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరూ చెప్పరు. అన్న ఆ మూడుగంటల్నీ జీవితాంతం దాచుకుంటాడు. నూకరత్నానికి అలా ఊరుకోవాలని ఎంత ఆశగా అనిపించిందంటే, నోరు తెరవడానికి తన చెయ్యి తనే గిల్లుకోవాల్సి వచ్చింది.

"అది నేను కాదు అన్నయ్యా."

మొత్తం చెప్పింది. గడప, దిష్టిబొమ్మ, బొటనవేలితో నొక్కిన అక్కర్లేదు, పదకొండింటికి కాగితం పట్టుకుని నవ్వడం, అన్నీ చెప్పింది. నవ్విన సంగతి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఎర్రయ్య నలుపుతున్న దుప్పటి అంచు వదిలేశాడు. "తిన్నావా అని అడిగింది ఎవులు మరి?"

"బొమ్మ."

"నీ గొంతే."

"నా గొంతే అన్నయ్యా."

"మంచిదే అయితే ఆ బొమ్మ," అన్నాడు. "నీకన్నా నయం." అటు తిరిగి పడుకున్నాడు. నూకరత్నం నోట్లో కొంగు కుక్కుకుని వరండాలోకి వచ్చేసింది.

*

భానోజీరావు చెడ్డవాడు కాదు. ఆసుపత్రికి రెండుసార్లు వచ్చాడు, సింహాద్రి ముందు చేతులు జోడించాడు. కానీ వారం తిరక్కుండానే గదిలో తెల్లబోర్డు ముందు నిలబడి, "ఇలాంటి వృత్తులవాళ్ళకి వేరే అమరిక పెడదాం. అపాయంలో ఉన్న గొంతుని గుర్తుపట్టడం నేర్పుదాం," అన్నాడు.

"నేర్పిన మర్నాడే దొంగలూ నేర్చుకుంటారు సార్. నిజంగా ఆపదలో ఉన్నవాడూ తొందరపెడతాడు, ఎవరికీ చెప్పకంటాడు, కొత్త నంబరునుంచి చేస్తాడు. మనం దొంగ లక్షణాలు అనుకుని రాసుకున్నవన్నీ వాడి లక్షణాలే. వాడికీ దొంగకీ తేడా తేల్చాల్సింది మనిషి. గడప పట్టినప్పుడు ఆ మనిషికి చెప్పాలి. చెప్పకుండా ఆ మనిషి గొంతుతో అది మాట్లాడకూడదు."

"రోజుకి నలభైసార్లు ఎవరు భరిస్తారమ్మా? నువ్వే భరించలేదు."

"నిజమే సార్," అంది నూకరత్నం. అయినా దిష్టిబొమ్మ తీసేసేదాకా పనిలోకి రానని చెప్పి తాళాలు బల్లమీద పెట్టింది. తన ఫోనులోంచి గడపని తీసేసి, మామూలు యాంటీవైరస్ ఒకటి వేసుకుంది. ఇప్పుడు ఫోను రోజంతా మోగుతోంది. లాటరీ తగిలిందంటారు, కరెంటు కట్ చేస్తామంటారు. ప్రతిదీ ఎత్తుతోంది. స్నానాల గదిలోకి కూడా ఫోను పట్టుకెళ్తోంది. మోగకపోతే ఇంకా కంగారు, మోగట్లేదేమా అని తీసి చూసుకుంటుంది.

పేటకి రెండుసార్లు వెళ్ళింది. పైడమ్మ నీళ్ళిచ్చింది, మాట ఇవ్వలేదు. ఎర్రయ్య ఇంట్లో లేడన్నారు. నాన్న గురుతు దగ్గర ఇప్పుడు రోజూ ముప్ఫై పడవలు కూర్చుంటున్నాయని దుర్గయ్య చెప్పాడు.

మూడోవారం గురువారం పన్నెండింటికి, బియ్యం పొయ్యిమీద ఉడుకుతుండగా ఫోను మోగింది. మొదటి గంటకే ఎత్తింది.

అవతల గాలి చప్పుడు. తర్వాత, "నూకాలూ?"

"అన్నయ్యా!"

"నువ్వేనా?"

"నేనే అన్నయ్యా."

"నువ్వేనని ఏటి గురుతు?"

నూకరత్నం నోరు తెరిచింది. ఏం చెప్పాలి? చిన్నప్పుడు జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసిన సంగతి చెప్పొచ్చు. ఆ సంగతి ఫోనులో ఎప్పుడో వదినతో అంది, గడపకి తెలుసు. నాన్న గురుతు చెప్పొచ్చు. అది ఇప్పుడు పేటంతటికీ తెలుసు. ఫోనులో చెప్పగలిగిన ఏ మాటైనా బొమ్మ చెప్పగలదు. ఏడిస్తే ఏడుపు కూడా తనకన్నా బాగా ఏడుస్తుంది.

"ఎక్కడున్నావు?" అంది.

"ఒడ్డునే."

"అక్కడే ఉండు. వస్తున్నా."

ఉడికిన అన్నం, ఉన్న పులుసు గిన్నెలో సర్దుకుని ఆటో ఎక్కింది. పావుగంట.

ఎర్రయ్య బోర్లించిన పడవ నీడలో వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. చెల్లెలు ఇసకలో నడిచి వస్తుంటే తలెత్తి చూసి, మళ్ళీ వలలోకి దించుకున్నాడు. ఆమె ఎదురుగా కూలబడింది. ఎండకి ఆయాసానికి మాట రాలేదు. వచ్చాక, వచ్చిన మొదటి మాట అదే అయింది.

"తిన్నావా అన్నయ్యా?"

"అదీ ఇలాగే అడిగినాది," అన్నాడు ఎర్రయ్య.

నూకరత్నం గిన్నె మూత తీసి అతని చేతిలో పెట్టింది. "అడిగింది. పెట్టలేదుగా," అంది.

అతను సముద్రంలో చెయ్యి కడుక్కొచ్చి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద కలిపాడు. అప్పుడు ముఖం చిట్లించాడు.

"ఉప్పు నేదే ఇందులో."

నూకరత్నం ఏడుస్తూ నవ్వింది.

"నువ్వేలే," అని ఎర్రయ్య పక్కకి జరిగి, వల మడతపెట్టి, నీడలో ఆమెకి చోటిచ్చాడు.